అద్దం మీద నీలిపొర

పోయినవారం చల్లనయ్యని ఆస్పత్రి మెట్ల మీద, చేతిలో మందుల సంచితో కూర్చోబెట్టి మన దారిన మనం వచ్చేశాం. అతను అక్కడే కూర్చుంటే కుదరదు కదా. అక్కని మెల్లగా నడిపించి, ఆటో ఎక్కించి, గుంత వచ్చినప్పుడల్లా డ్రైవరుని కసురుతూ ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాడు.

కథ మధ్యలో తలుపు తోసుకుని వచ్చినవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. చల్లనయ్య ఇళ్లకి వెళ్లి ఎయిర్ కూలర్లు కడిగి బాగుచేసే మనిషి. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ వీధిలో ఎవరికీ గుర్తులేదు, అతనికే అప్పుడప్పుడు అనుమానం. తల్లి పోయాక అతన్ని పెంచింది అక్క. పెళ్లీ పెటాకులూ లేకుండా, ఒక పెద్ద హోటలు లాండ్రీలో ఇస్త్రీ బల్ల ముందు నిలబడి దుప్పట్లు మడతపెడుతూ తమ్ముణ్ణి మనిషిని చేసింది. జీవితమంతా ఆవిరిలో ఉడికిన మనిషి, ఇప్పుడు మంచం పట్టింది. మొదట దగ్గు, తర్వాత ఆయాసం, ఈమధ్య మంచం మీంచి కుర్చీలోకి మారడానికి కూడా మధ్యలో ఆగి ఊపిరి వెతుక్కోవడం.

డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము వెలుతురుకి ఎత్తి చూపించి మెత్తగానే చెప్పింది. ఊపిరితిత్తులు బిరుసెక్కాయి, బిరుసెక్కినది మళ్లీ మెత్తబడదు. మిగిలిందైనా దక్కాలంటే ఎందుకిలా అయిందో కనిపెట్టి, అది ఆపాలి. ఇంట్లో పొగ ఉందా అని అడిగింది. పావురాలు పెంచుతారా అని అడిగింది. చివరికి, ఈవిడ ఎప్పుడైనా తోటల్లో మందు కొట్టే పని చేసిందా, ఏళ్ల తరబడి ఆ నీలం మందు కొట్టినవాళ్ల ఊపిరితిత్తులు ఇలాగే ఉంటాయి అంది. చల్లనయ్యకి ఆ ఏడుపులో కూడా నవ్వొచ్చింది. తోటేమిటి, అక్క గదిలో కుండీలో మొక్కయినా లేదన్నాడు. దుమ్మూ ధూళీ సంగతేమిటని ఆవిడ అడిగితే మాత్రం పౌరుషం వచ్చేసింది.

"మా ఇంట్లో దుమ్మా డాక్టరమ్మా? మీ ఆస్పత్రి కంటే శుభ్రంగా ఉంటుంది" అన్నాడు.

ఆ మాట అన్నందుకు ఈ వారం అతను పడబోయేది పగవాడికి కూడా వద్దు.

మర్నాడు పొద్దున్నే ఎండ గోడ దిగకముందే పెరట్లో పని మొదలుపెట్టాడు. అక్క గదిలోని తుంపర ఫ్యానుని బయటికి తెచ్చి పంపు దగ్గర పెట్టుకున్నాడు. ఈ ఫ్యాను కొన్నది కాదు, కట్టింది. పాత స్టాండు ఫ్యానుకి ముందు గుండ్రంగా రాగి గొట్టం వంచి, దానికి సన్నటి బెజ్జాలున్న ఇత్తడి నాజిళ్లు బిగించి, కాళ్ల దగ్గర నీళ్ల తొట్టి పెట్టి, నీళ్లు పైకి తోయడానికి చిన్న మోటారు తగిలించాడు. స్విచ్చి వేస్తే నీళ్లు పొగలా విడిపోయి గాలితో కలిసి గదంతా పరుచుకుంటాయి. అక్క మొదటిసారి ఆ తుంపర మొహానికి తగిలినప్పుడు కళ్లు మూసుకుని, "ఇన్నేళ్లకి ఇస్త్రీ పెట్టె చల్లారిందిరా" అంది. ఆ మాటకి అతను పెరట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకుని వచ్చాడు. ఇదంతా మనకి రెండో వారంలోనే తెలుసు.

కూలరు కడగడం అంటే పైపైన గుడ్డ పెట్టి తుడవడం అనుకునే ఇళ్లున్నాయి. ఏడాదంతా మూల పడేసి, ఎండలు ముదిరాక స్విచ్చి వేసి, చేపల వాసన వస్తోందేమిటి చల్లనయ్యా అని ఫోను చేస్తారు. రాకేం చేస్తుంది? తొట్టిలో పాచి అరచేతి మందాన పేరుకుని ఉంటుంది, దాని మీద దోమలు సంసారం పెట్టి మనవల్ని కూడా ఎత్తుకుని ఉంటాయి. చల్లనయ్య వెళ్లి ముందు ప్లగ్గు పీకుతాడు. తొట్టిలో పైపు వేసి, రెండో కొస నోట పెట్టుకుని ఒక్క పీల్పు పీల్చి, నీళ్లు కదలగానే పైపు కిందికి వదిలేస్తాడు. అలా వదిలేలోపు ఒక గుక్క నోట్లో పడక తప్పదు, ఉమ్మేస్తాడు. ఆ తర్వాత పక్కల గడ్డి మెత్తలు తీసి ఎండేస్తాడు. మోటారు జాలీలో చిక్కుకున్న జుట్టూ జిడ్డూ లాగుతాడు. ఉప్పు పేరుకున్న చోట నిమ్మ ఉప్పు నానబెట్టి, పాత పళ్ల బ్రష్షుతో మూలమూలా తోముతాడు. అంతా అయ్యాక మంచినీళ్లు పోసి, చివర్లో సంచిలోంచి సీసా తీసి ఒక మూత మందు వంచుతాడు.

ఆ మందే అతని పరువు. మైలుతుత్తం నీళ్లలో కరిగించి, వాసనకి ఏదో నాలుగు చుక్కలు కలిపి తనే తయారుచేసుకున్నాడు. ఆకాశం రంగులో ఉంటుంది. అది పడిన తొట్టిలో పాచి పట్టదు, దోమ గుడ్డు పెట్టదు. చల్లనయ్య మందు వేశావా అని అడిగి గానీ గుమ్మం దాటనివ్వని ఇల్లాళ్లున్నారు. మందు వేసిన కాసేపటికి తొట్టి అడుగునుంచి నల్లటి తరకలు లేచి తేలితే కంగారుపడే వాళ్లకి ఎప్పుడూ ఒకటే మాట చెప్పేవాడు. మందు పడితే ముందు మురికి పైకొస్తుంది, తర్వాత తేటపడుతుంది, భయపడకండి అని. ఇంట్లో కూర్చుని అక్క కూడా ఆ మాట ఫోనులో అతను చెబుతుండగా వందసార్లు వినే ఉంటుంది.

ఆ రోజు మామూలు కంటే శ్రద్ధగా కడుగుతున్నాడు. డాక్టరమ్మ శుభ్రం అంది కదా. నాజిళ్లన్నీ విప్పి నిమ్మ ఉప్పు నీళ్లలో వేసి, ఒక్కొక్క బెజ్జాన్నీ సూదితో పొడిచి వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు. చెయ్యగలిగింది ఇంకేమీ లేనప్పుడు మనిషి తనకి వచ్చిన పనినే రెండింతలు చేస్తాడు. సీసా పక్కనే ఉంది. ఇవాళ్టినుంచి అక్క తొట్టిలో ఒక మూత కాదు, రెండు మూతలు వెయ్యాలని ముందే అనుకున్నాడు.

అప్పుడు వచ్చింది అతని భార్య.

ఆవిడ ముందు గదిలో మిషను కుట్టుకుంటుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్ల మాట తక్కువ. ఆ వచ్చే తక్కువ మాటా సూదిలాగే ఉంటుందని చల్లనయ్య ఆరోపణ. ఆ పొద్దున ఆవిడ చేతిలో లైనింగు గుడ్డ ముక్క ఉంది. తడి తొట్టి బోర్లించి ఉంటే దాని మీద ఆ ముక్క పరిచి నిలబడింది.

"ఇదేంటో చూడండి."

చల్లనయ్య చూశాడు. తెల్ల గుడ్డ మధ్యలో మరక. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు, రెంటికీ మధ్య ఏదో మాసిన రంగు. ఎక్కడిదన్నాడు. వదిన మంచం పక్క అద్దం తుడిచానంది. అతనికి చిరాకేసింది. కాలనీ నీళ్లలో ఉప్పెక్కువని, తుంపర ఆరిపోయి ఆ ఉప్పే అద్దం మీద పేరుకుంటుందని, ఇది కూడా తెలియకుండా కూలరు మెకానిక్కుతో ఇన్నేళ్లు కాపురం ఎలా చేశావని అడిగాడు.

"ఉప్పు తెల్లగా ఉండాలి కదా" అంది.

ఏదో గుడ్డ రంగు దిగి ఉంటుందన్నాడు. దిగడానికి ఇది తెల్లదంది. రోజూ పూల ముక్కో, గళ్ల ముక్కో, మిషను కింద ఏది పడితే అది తీసుకుని తుడుస్తుంది కాబట్టి ఇన్నాళ్లూ మరక కనబడలేదట. నిన్న ఆస్పత్రికి వెళ్లే హడావుడిలో గది తుడవలేదు, ఇవాళ చేతికి తెల్ల ముక్క దొరికింది. అంతే. పెద్ద పెద్ద సంగతులు ఇంత చిన్న కారణానికి బయటపడతాయి. బయటపడకుండా ఉండిపోవడానికి కూడా అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఆవిడ ఇంకా కదల్లేదు. మూడువారాల కింద మనం చూసిందే గుర్తుచేసింది. ఫ్యాను మోటారు కాలిపోయి, కొత్తది దొరక్క ఫ్యాను మూల పడిన ఆ కొన్నాళ్లూ వదిన తెల్లారేదాకా నిద్రపోయింది. ఉక్కగా ఉందని గొణిగింది గానీ దగ్గలేదు. ఆ మాట అప్పుడే చెబితే మీరు నవ్వారు. నా ఫ్యాను మీద నీకు సవతి పోరా అన్నారు, అంది.

"ఆ రోజుల్లో అద్దం తుడవాల్సిన పని కూడా పడలేదండీ. నాకు ఇప్పుడు తట్టింది. మిషను దగ్గర కూర్చుంటే కాళ్లు ఆడట్లేదు."

చల్లనయ్య లేచాడు. పెళ్లాం ముందు ఓడిపోవడం ఇష్టం లేని మగాడు చేసే పని చేశాడు. ఉప్పో కాదో ఇప్పుడే తేలుస్తానని ఆ గుడ్డ తీసుకుని మరక మీద నాలిక ఆనించాడు.

ఉప్పు కాదు.

ఆ రుచి అతనికి అమ్మ పెట్టిన ముద్ద కంటే బాగా తెలుసు. పైపు నోట పెట్టి నీళ్లు లాగిన ప్రతిసారీ వదిలేలోపు నోట్లో పడేది అదే. వగరు, చేదు, ఇత్తడి చెంబు నాకినట్టు. ఎన్ని ఇళ్లలో, ఎన్ని తొట్ల దగ్గర ఉమ్మేశాడో ఆ రుచిని. ఉమ్మేశాడు, నోరు పుక్కిలించాడు, మర్చిపోయాడు.

అక్క కొన్ని నెలలుగా అన్నం సయించడం లేదంటోంది. ఏం పెట్టినా నోరంతా ఇత్తడిలా ఉందిరా అంటుంటే, మందుల వల్ల అక్కా, తగ్గిపోతుందిలే అని అతనే సర్దిచెబుతూ వచ్చాడు. అక్కకి ఉమ్మేయడానికి వీల్లేదు. అక్క దాన్ని నోటితో తాగలేదు, ఊపిరితో తాగింది.

తోటల్లో ఆ నీలం మందు కొట్టే పని చేసిందా, అని అడిగిన డాక్టరమ్మ గొంతు ఇప్పుడు వినబడింది అతనికి. నిన్న వినబడలేదు. తోటల్లో కొట్టే ఆ నీలం మందు కూడా మైలుతుత్తమే.

చెబితే ఎంత చిన్న సంగతో చూడండి. కూలరులో నీళ్లు మెత్తల మీద జారి మళ్లీ తొట్టిలోకే వస్తాయి. గాలి పట్టుకుపోయేది తడిని మాత్రమే. మందు తొట్టిలోనే ఉండిపోతుంది, దాని పని అది చేసుకుంటుంది, మనిషి జోలికి రాదు. తుంపర ఫ్యానులో తిరిగొచ్చే నీళ్లు లేవు. తొట్టిలో ఏముంటే అదంతా ముక్కలు ముక్కలై గాల్లోకి పోవలసిందే, ఆ గాల్లో ఎవరుంటే వాళ్ల లోపలికి పోవలసిందే. రెండు యంత్రాలూ విప్పదీసి బిగించగలిగిన మనిషికి ఇది తెలియదా అంటే తెలుసు. అడిగితే నిద్రలో కూడా చెప్పేవాడు. ఎవరూ అడగలేదు, తనని తాను అడగలేదు. కూలరు కడిగిన చెయ్యి అలవాటు చొప్పున మూత మందు వంచేసింది. అదీ ఎక్కడ? పరాయి ఇళ్లలో నెలకోసారి వంచితే, అక్క దగ్గర వారం వారం వంచింది. ఎంత ప్రేమ ఉంటే అంత మందు. కంచే చేను మేసిందంటారు. ఇక్కడ ఆ కంచె కాపలా కాస్తున్నాననుకుంటూ మేసింది.

అతను కూలబడ్డాడు. తడి నేల, బట్టలు తడిసిపోతున్నా తెలియలేదు. భార్య అతన్ని ఓదార్చలేదు. ఆవిడకి వదిన అంటే ప్రాణం. మిషను కొనిచ్చింది వదినే, కాజాలు కుట్టడం నేర్పింది వదినే. ఆవిడ కోపం ఆవిడకి చాలినంత ఉంది.

"పాచి పట్టకూడదని వేశారు. పట్టలేదు" అంది.

కాసేపటికి ఆవిడే, వదినకి చెప్పొద్దంది. ఎలాగూ డాక్టరమ్మ ఇక మెత్తబడదని చెప్పేసింది కదా, తెలిసి ఆవిడ ఏం బావుకుంటుంది, ఉన్నన్నాళ్లయినా తమ్ముడు బంగారం అనుకుంటూ ఉండనివ్వండి అంది. ఫ్యాను చెడిపోయిందని చెబుదాం. మోటారు దొరకట్లేదని చెబుదాం.

చల్లనయ్య తల అడ్డంగా ఊపాడు. అబద్ధం చెప్పడం చేతకాక కాదు, ఆ విషయంలో అతను ఎవరికీ తీసిపోడు. కానీ చిన్నప్పుడు గాజు పగలగొట్టినా, బళ్లో దెబ్బలు తిన్నా, ముందు అక్కకి చెప్పుకుని ఏడిస్తేనే అతనికి ఏడుపు తీరేది. ఇంత పెద్ద తప్పు చేసి చెప్పుకోవడానికి ప్రపంచంలో అతనికి ఉన్నది ఆ ఒక్క మనిషే. ఆ మనిషినే చంపుతున్నానని ఆ మనిషికే చెప్పుకోవాలి.

సీసా తీసుకుని తూములో వంచేశాడు. నీలం నీళ్లు గుడగుడలాడుతూ దిగిపోయాయి. చేతులు కాలాక పట్టుకునే ఆకులు ఎలా ఉంటాయో అలా ఉంది అతని మొహం.

అక్క గది చిన్నది. కిటికీ పక్కన మంచం, మంచం పక్కన అద్దం, కుర్చీ, మందులు పెట్టుకునే స్టూలు. కిటికీలోంచి సందు అవతల ఎదురిల్లు కనబడుతుంది. ఆ ఇంటి అమ్మాయి మొన్నమొన్నటిదాకా మధ్యాహ్నాలు నెలల పిల్లాణ్ణి ఎత్తుకుని వచ్చి ఈ కుర్చీలోనే కూర్చునేది. పెద్దమ్మా, మీ తుంపరకి మావాడు ఎంత బాగా నిద్రపోతాడో అనేది. ఈమధ్య రావడం లేదు. వాళ్లాయన వాళ్లకీ ఒక తుంపర ఫ్యాను కొనిపెట్టాడని, సొంత ఫ్యాను వచ్చాక పెద్దమ్మ ఎందుకు గుర్తుంటుందని అక్క రెండు రోజులకోసారి నిష్ఠూరమాడుతోంది.

అతను వెళ్లేసరికి అక్క రెండు తలగడలకి ఆనుకుని కూర్చుని ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ దగ్గర గుంట పడుతోంది. ఫ్యాను ఉండే చోటు ఖాళీగా ఉండడం చూసి నవ్వింది.

"కడగడం ఇంకా అవ్వలేదేంట్రా? నీ ఫ్యాను లేకపోతే నాకు ఊపిరాడదు."

చల్లనయ్య మంచం కాళ్ల దగ్గర నేల మీద కూర్చున్నాడు. చిన్నప్పుడు అక్క ఇస్త్రీ చేస్తుంటే బల్ల కింద కూర్చునేవాడు, అలాగే. మొదలెట్టడం చేతకాక ముందు డాక్టరమ్మ దగ్గర్నుంచి మొదలుపెట్టాడు. తోటల్లో మందు కొట్టేవాళ్ల సంగతి చెప్పాడు. అద్దం సంగతి చెప్పాడు. నోట్లో ఇత్తడి రుచి సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ గుడ్డ ముక్క చూపించాడు. చివరికి వచ్చేసరికి అక్క పాదం పట్టుకున్నాడు.

"నా మందేనక్కా. నేనే వేశాను. వారం వారం నేనే వేశాను."

అక్క అద్దం వైపు చూసింది. ఆవిడ మొహంలో కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఏదో లెక్క తప్పినట్టు, ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు ఉంది. గుమ్మం దగ్గర చల్లనయ్య భార్య చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

మెల్లమెల్లగా, మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ అక్క అడిగింది. ఫ్యాను కడిగిన రోజున దగ్గు ఎక్కువ వచ్చేదిరా, అది నాకూ తెలుస్తూనే ఉంది. మరి నీతో ఎందుకు చెప్పలేదనుకున్నావు? ఫోనులో అందరికీ చెబుతావు కదా, మందు పడితే ముందు మురికి పైకొస్తుంది, తర్వాత తేటపడుతుంది, భయపడకండి అని. లాండ్రీలో ఇన్నేళ్లు మింగిన ఆవిరీ, సబ్బు నురగా, బట్టల నూగూ లోపల పేరుకుని ఉంటుంది కదా. తమ్ముడి మందు లోపలికి వెళ్లి ఆ మురికినంతా తోస్తోందనుకున్నాను. దగ్గు వచ్చినప్పుడల్లా ఇంకాస్త తేటపడ్డాననుకున్నాను.

చల్లనయ్య ఆ పాదం మీద తల ఆనించేశాడు. తిడితే బాగుండేది, తన్నితే బాగుండేది. తను నలుగురికీ చెప్పిన నాలుగు ముక్కల ధైర్యం ఆవిడ మంచంలో ఒంటరిగా తనకి తను చెప్పుకుంటూ దగ్గింది. తను ఇచ్చిన విషంతో పాటు దాన్ని ఓర్చుకునే ఉపాయం కూడా తనే ఇచ్చాడు.

అక్క చెయ్యి అతని జుట్టులోకి వచ్చింది. నిమరడానికి అనుకున్నాడు. కాదు, ఆ వేళ్లు జుట్టు గట్టిగా పట్టుకున్నాయి. తల పైకెత్తి చూస్తే అక్క తనవైపు చూడడం లేదు. కిటికీలోంచి అవతలికి చూస్తోంది. ఇందాకటిదాకా లేని భయం ఇప్పుడు వచ్చింది ఆ మొహంలోకి.

"అయితే ఎదురింటి పిల్లాడి సంగతేంట్రా?"

అతనికి అర్థం కాలేదు. అక్క ఆయాసంలోనే గబగబా చెప్పబోయింది, మాటలు తెగిపోయాయి. భార్య వచ్చి వీపు రాస్తుంటే ముక్కలు ముక్కలుగా చెప్పింది. వాళ్ల ఫ్యాను వచ్చిన రోజు ఆ అమ్మాయి మురిసిపోతూ చెప్పడానికి వచ్చింది. తొట్టి ఎలా శుభ్రంగా ఉంచుకోవాలి పెద్దమ్మా అని అడిగింది. స్టూలు కింద నీ సీసా ఒకటి ఉంటే ఇచ్చాను. మా తమ్ముడి మందు, ఇలాంటిది ఊళ్లో దొరకదు అని గొప్పగా ఇచ్చాను. ఒక మూత చాలు అన్నాను, మళ్లీ పసివాడున్న గది కదా, రెండు మూతలు వేసుకో అన్నాను. తర్వాత ఒకసారి కిటికీలోంచి అడిగింది, పిల్లాడు దగ్గుతున్నాడు పెద్దమ్మా అని.

అక్కడ ఆగిపోయింది అక్క. ఊపిరి అందక కాదు.

"భయపడకు, మురికి పైకొస్తోంది, తర్వాత తేటపడుతుందని చెప్పానురా."

చల్లనయ్య లేచాడు. కిటికీలోంచి చూస్తే ఎదురింటి కిటికీ రెక్క సగం తెరిచి ఉంది. ఆ సందులోంచి ఎండలోకి సన్నగా, తెల్లగా తుంపర వస్తోంది. ఎంత అందంగా ఉందో ఆ తుంపర. తన ఇంటి కిటికీలోంచి కూడా రోజూ అలాగే కనబడి ఉంటుంది వీధికి.

చెప్పులు కూడా వేసుకోలేదు. సందు దాటడమెంతసేపు, నాలుగడుగులు. ఆ నాలుగడుగుల్లో అతను ఒకటే అనుకున్నాడు. అక్క విషయంలో ఆలస్యమైపోయింది, ఇక్కడ ఇంకా అవ్వలేదు. కొద్దిరోజులే కదా. పసివాడి ఒళ్లు, ఇట్టే కోలుకుంటుంది. సీసా లాక్కుని తూములో వంచేస్తే చాలు, ఫ్యాను పగలగొట్టేస్తే చాలు, ఆ అమ్మాయి కాళ్ల మీద పడితే చాలు. మునిగిపోయేవాడికి గడ్డిపరక దొరికినట్టు ఆ పిల్లాణ్ణి పట్టుకున్నాడు మనసులో. అక్కని ఇక దక్కించుకోలేడు. వీణ్ణి దక్కించుకుంటే, తను మనిషిగా మిగలడానికి ఆ ఒక్కటీ ఉంటుంది.

తలుపు కొట్టాడు. మళ్లీ కొట్టబోతుంటే ఆ అమ్మాయి వచ్చి తీసింది. నిద్ర లేని కళ్లు, కానీ మొహం తేలిగ్గా ఉంది. పెదవుల మీద వేలు పెట్టుకుని, మెల్లగా అన్నట్టు సైగ చేసింది.

"ఇప్పుడే పడుకున్నాడు బాబాయ్. మూడు రోజులనుంచి ఒకటే దగ్గు. పెద్దమ్మ చెప్పిందే నిజమైంది, మురికంతా పోయినట్టుంది. పొద్దున్నించి అసలు దగ్గే లేదు."

చల్లనయ్య ఆమెని తోసుకుని లోపలికి వెళ్లాడు. గదిలో మంచు కురిసినట్టుంది. తొట్టి నీళ్లు ఆకాశం రంగులో ఉన్నాయి, పాచి ఒక్క నలుసు లేదు, దోమ లేదు. తన చేత్తో కడిగిన తొట్లన్నింటిలోకీ ఇంత శుభ్రమైనది అతను చూడలేదు. ఫ్యానుకి ఎదురుగా చాప మీద, మెత్తటి గుడ్డలో, పిల్లాడు పక్కకి తిరిగి పడుకుని ఉన్నాడు. పిడికిలి విడిపోయి వేళ్లు తెరుచుకుని ఉన్నాయి.

మోకాళ్ల మీద కూర్చుని ఆ ముక్కు దగ్గర వేలు పెట్టాడు. వేలికి చల్లగా తగిలింది. అది పిల్లాడి ఊపిరో, ఫ్యాను గాలో తెలియలేదు.

"ఫ్యాను ఆపమ్మా" అన్నాడు.

"ఆపితే లేచిపోతాడేమో బాబాయ్."

"ఆపు."

అతని గొంతు విని కూడా ఆమెకి ఏమీ తట్టలేదు. పెద్దవాళ్లకి ఏదో చాదస్తం అనుకుని ఉంటుంది. నవ్వుతూనే గోడ దగ్గరికి నడిచింది. చల్లనయ్య వేలు కదల్చకుండా కూర్చున్నాడు. స్విచ్చి చప్పుడైంది. రెక్కలు నెమ్మదించడం మొదలుపెట్టాయి, ఇంకా తిరుగుతున్నాయి, ఇంకా గాలి వస్తోంది, అవి పూర్తిగా ఆగడం కోసం అతను ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.